ఎనిమిదో ఫ్రేము

మా ఇంట్లో బీరువా అడుగు అరలో ఒక అట్టపెట్టె ఉంది. దాని నిండా నా ఫొటోలే. కాపరానికి వచ్చిన ఏడు మొదలుకొని ఆరేళ్లపాటు తీసినవి. ఒక్కదాంట్లోనూ నా మొహం లేదు. అన్నింట్లోనూ వీపు తిప్పి నిలబడి ఉంటాను, వడ్లగింజంత ఎత్తున. చుట్టూ సముద్రమో, ఉప్పుమళ్లో, సరుగుడు తోపో, కాలవ మీద పడవలో ఉంటాయి. చూసినవాళ్లు సముద్రాన్ని మెచ్చుకుంటారు. ఆ గింజ నేనేనని చెబితే, "అవునా, ఎవరో కూలిమనిషి అనుకున్నామే" అంటారు. మర్యాదస్తులు పైకి అనరు, అంతే తేడా.

మావారు నీటిపారుదల శాఖలో ఓవర్సీరు. పెళ్లినాటికి అల్లూరులో పని. ఆయనకు ఒక తోలుతిత్తి కెమెరా ఉండేది. మడిస్తే పుస్తకమంత, తెరిస్తే ముక్కు ముందుకు పొడుచుకొచ్చేది. పిల్లనిచ్చేముందు మా నాన్న ఆయన అలవాట్లు వాకబు చేయించాడు. పేకాట లేదు, తాగుడు లేదు, ఆదివారమైతే కెమెరా పట్టుకుని చెట్టూ పుట్టా తిరుగుతాడని తెలిసి సంతోషించాడు. కెమెరావల్ల కూతురికి వచ్చే నష్టమేముంటుందని ఆయన లెక్క. మా నాన్న లెక్కల మాస్టరే, అయినా తప్పాడు.

ఆయన మనుషుల ఫొటోలు తీసేవారు కాదు. "మొహాలు తీసేది స్టూడియోవాళ్లు, పొట్టకూటికి" అనేవారు. ఆయనది కళ. ఆ కళలోకి మనిషి ఎందుకు వచ్చిందంటే, అది ఆఫీసులో అంటిన జబ్బు. కాలవకు గండి పడితే ఓవర్సీరు ఫొటో తీసి పై ఆఫీసుకు పంపాలి. ఉత్త గండిని తీస్తే అది గజమో, పది గజాలో పైనున్న దొరకు తెలియదు. అందుకని గండి పక్కన ఒక కూలివాణ్ని నిలబెట్టి తీస్తారు. మనిషిని బట్టి గండిని లెక్క కట్టుకుంటారు. వాడి మొహంతో పనిలేదు. మొహం కనిపిస్తే చూసేవాడి కళ్లు దానిమీదికే పోతాయి, గండి మీదికి పోవు. కాబట్టి వీపు తిప్పమంటారు. ఈ పద్ధతిని మావారు ఆదివారాలకూ తెచ్చుకున్నారు. సముద్రం ఎంతుందో తెలియాలంటే కొలత కావాలి కదా. వారంలో ఆరు రోజులు కూలివాడు, ఏడో రోజు నేను. వాడికి కూలి ఇచ్చేవారు.

మరి నోరున్నదానివి, బి.ఏ. చదివినదానివి, ఎందుకు నిలబడ్డావని అడుగుతారు. నన్ను నేనే చాలాసార్లు అడిగాను. కొత్త కోడలికి పొయ్యి దగ్గర నిలబడడం, సముద్రం దగ్గర నిలబడడం అని రెండే ఉంటే సముద్రమే నయమనిపించింది మొదట్లో. సైకిలు వెనక కూర్చుని కాలవగట్టు వెంట పోతుంటే సినిమాలో ఉన్నట్టే ఉండేది. రెండో ఏటికి అది అలవాటైంది. మూడో ఏటికి ఇంటిపనుల్లో ఒకటైంది. అలవాటైన పనిని ఎవరూ వాదించి మానలేరు. నేనూ అంతే.

దూరాన్నుంచి కేక వినపడదు కాబట్టి చేతిరుమాలుతో సైగలు. కుడికి ఊపితే కుడికి జరగాలి, ఎడమకు ఊపితే ఎడమకు. తలపైన గుండ్రంగా తిప్పితే ఇంకా దూరం పోవాలి. నిటారుగా పైకెత్తితే ఒక ఫొటో అయిందని. సర్వేలో కూలివాళ్లకు చేసే సైగలే ఇవి. ఒక్కటే చిక్కు, వీపు తిప్పి నిలబడ్డదానికి సైగ కనిపించదు. అందుకని మధ్యమధ్య తలతిప్పి చూసుకుని, మళ్లీ తిప్పుకోవాలి. మబ్బు వచ్చేదాకా, పడవ మలుపు తిరిగేదాకా, కొంగలు వాలేదాకా అలా నిలబడాలి. ఉప్పుమళ్లలో ఒకసారి గంటకు పైగా నిలబెట్టారు. పగిలిన మడమల్లోకి ఉప్పునీరు దిగితే ఎలా ఉంటుందో దిగినవాళ్లకే తెలుసు.

ఇంటికొచ్చి కాళ్లకు నూనె రాసుకుంటుంటే మా అత్తగారు చూసి మూతి విరిచింది.

"వాడేమన్నా నిన్ను నాట్లకు పంపించినాడా, కోతలకు పంపించినాడా? గాలికి నిలబడమన్నాడు. దానికే నూనెలు, పసుపులు. మా కాలంలో మొగుడి పక్కన నిలబడేదానికే లేదు."

"ఇప్పుడూ పక్కన నిలబడలేదు అత్తమ్మా. ఫర్లాంగు దూరంలో నిలబడినాను."

ఇంకోసారి మైపాడు ఒడ్డున నిలబడి ఉంటే, వలలు విప్పుకుంటున్న ఒక పెద్దావిడ చాలాసేపు నావైపు చూసి దగ్గరికొచ్చింది.

"ఏందమ్మా, పొద్దుట్నించీ నిలబడే ఉండావు? గంగమ్మకు మొక్కుకున్నావా?"

"లేదు అవ్వా. ఆయన ఫొటో తీస్తున్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. మావారు అంత దూరంలో స్టాండు ముందు వంగి ఉన్నారు.

"మరి మొగం అటు తిప్పి ఉండావే?"

"మొహం అక్కర్లేదంట."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "బాగానే ఉండాదే" అని, వలల దగ్గరికి పోయింది. ఆవిడ జాలిపడడం నాకు నచ్చలేదు. చేపలమ్ముకునే మనిషి నామీద జాలిపడడమేమిటని ఆ రోజంతా ఆవిడమీద కోపంగా ఉన్నాను. కోపం ఎవరిమీద రావాలో వాళ్లమీద రాకపోవడం చదువుకున్నవాళ్లలో ఎక్కువ.

నెల్లూరులో ఇలాంటి సరదా ఉన్నవాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. నెలకోసారి ఆదివారం ఒక ప్లీడరు గారి వరండాలో చేరి, ఎవరి ప్రింట్లు వాళ్లు బల్లమీద పరిచి, ఒకరివి ఒకరు తూర్పారబట్టుకునేవారు. ఒకసారి నాకు టౌన్లో పని ఉండి వెంట వెళ్లాను. ఆ రోజు ఒక బ్యాంకు ఏజెంటు గారు పెన్న వంతెన ఫొటో తెచ్చారు. వంతెన మీద దూదిపింజల్లాంటి మబ్బులు.

మావారు ప్రింటును వెలుగుకు పెట్టి చూశారు. "ఈ మబ్బులు యాడ దొరికినాయి ఏజెంటు గారూ? మొన్న ఎండాకాలమంతా మనకు ఒక్క మబ్బు లేదే."

"కొంచెం పెన్సిలు తగిలించినా లెండి. ఆకాశం మరీ బోసిగా ఉంటేనూ."

"బోసిగా ఉంటే బోసిగానే ఉండాల. ప్రింటు మీద చెయ్యి పెట్టినాక అది ఫొటో కాదు, అబద్ధం. కుంచె మీద అంత మోజుంటే సినిమా హాలుకు బోర్డులు రాసుకోండి. వాళ్లకు మనుషులు కావాలంట."

అందరూ నవ్వారు. ఏజెంటు గారికి యాభై దగ్గర పడి ఉంటాయి. చెవులు ఎర్రబడ్డాయి. ప్రింటు తీసి అట్టల మధ్య పెట్టుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చిన కాఫీ ముట్టలేదు. నాకు మాత్రం ఆ పూట బాగానే గడిచింది. ఇంట్లో మనకు తగిలేది బయట ఇంకొకరికి తగులుతుంటే చూడడానికి బాగుంటుంది.

తర్వాత మావారి ప్రింటు వంతు వచ్చింది. ప్లీడరు గారు భూతద్దం పెట్టి చూసి, "బ్రహ్మాండం. ఫిగరు ఒక్కటే పోయినేటి కంటే లావైనట్టుంది. కొలత తప్పదూ మరి?" అన్నారు.

మళ్లీ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది మావారు. ఆ ఫిగరు బెంచీ చివర కూర్చుని ఉందని వాళ్లు మరిచిపోయారో, గుర్తుండే అన్నారో తెలియదు.

"ఫిగరు ఇక్కడే ఉందండీ" అన్నాను. "లావైన మాట నిజమే. మీ ఫొటోల్లో తాటిచెట్లు మాత్రం పోయినేడు ఎంత ఊగిపోయినాయో ఈ ఏడూ అంతే ఊగిపోయినాయి. చెయ్యి వణికితే స్టాండు కొనుక్కోవాలి. లేకపోతే వణికించేదాన్ని మానుకోవాలి."

అవి ప్రొహిబిషను రోజులు. ప్లీడరు గారి చెయ్యి ఎందుకు వణుకుతుందో వరండాలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనన్నాను. ఆ తర్వాత రెండేళ్లు మావారు నన్ను అక్కడికి తీసుకుపోలేదు.

ఇంతలో నేను చరిత్రలో ఎం.ఏ.కి ప్రైవేటుగా చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు అత్తగారు పడుకున్నాక రెండు గంటలు చొప్పున మూడేళ్లు చదివాను. పరీక్షకు ఆ ఏడే కట్టాలి, మరుసటి ఏటినుంచి పుస్తకాలన్నీ మారిపోతాయని తెలిసింది. కట్టకపోతే మూడేళ్ల మధ్యాహ్నాలూ నీళ్లపాలు. ఎం.ఏ. చేతికి వస్తే ఏదో ఒక కాలేజీలో ఉద్యోగం దొరుకుతుంది, రాకపోతే అల్లూరులో ఆదివారాలు దొరుకుతాయి. దరఖాస్తు తెప్పించాను. దానికి ఒక ఫొటో అంటించాలి, మొహం స్పష్టంగా కనిపించేది, తపాలాబిళ్ల కంటే కాస్త పెద్దది.

రెండువందల ఫొటోలున్న ఇంట్లో అది లేదు.

"ఒక్క ఫొటో తీయండి" అన్నాను.

"మొహాలు నాకు రావు. వెలుతురు వేరే రకంగా పెట్టాల."

"రాకపోతే టౌన్లో స్టూడియోకి పోయి తీయించుకుంటాను."

ఆయన కెమెరా తుడుచుకుంటున్నవారు ఆగారు. "నువ్వు స్టూడియోకి పొయ్యేదా? ఫొటోల మందులు, కాయితాలు అందరం ఆ స్టూడియో ఆయన దగ్గరే కొంటాం. ఓవర్సీరు పెళ్లాం ఫొటో మా దగ్గర తీయించుకున్నిందని సాయంత్రానికి ప్లీడరు గారికి తెలుస్తుంది. నేనేం మొహం పెట్టుకుని పొయ్యేది అక్కడికి?"

"నా మొహం అక్కర్లేదు గానీ మీ మొహానికి ఇంత విలువుందా?"

"వద్దన్నానా? తీస్తాను. తర్వాత."

నిజమే, ఆయన వద్దనలేదు. పరీక్షకు కట్టొద్దని కూడా ఎన్నడూ అనలేదు. చదువుకున్న మగవాళ్లు వద్దనరు, తర్వాత అంటారు. వద్దంటే దెబ్బలాడవచ్చు, తర్వాత అన్నదానితో ఏమని దెబ్బలాడతాం? దసరా వెళ్లింది. దీపావళి వెళ్లింది. అప్పట్లో ఫిల్ము రోళ్లు దొరకడమే కష్టంగా ఉండేది. మద్రాసు నుంచి ఎవరో తెచ్చి ఇచ్చిన ఒకే ఒక్క రోలు ఇంట్లో ఉంది. దానికి ఎనిమిది ఫ్రేములు. దాన్ని ఆయన దేనికో దాచిపెట్టుకున్నారు.

దేనికంటే, పెన్న సముద్రంలో కలిసేచోట మొగకు అడ్డంగా ఇసుక మేట వేస్తుంది. ఎండాకాలమంతా నదికీ సముద్రానికీ మధ్య గోడలా ఉంటుంది. పైనుంచి వరద వచ్చిననాడు ఆ మేట తెగి, ఎర్రనీరు ఒక్కసారిగా సముద్రంలోకి దూకుతుంది. ఏడాదికి ఒక్కరోజు, ఒక్క గంట. దాన్ని ఫొటో తీసి మద్రాసులో జరిగే ప్రదర్శనకు పంపాలని ఆయన కోరిక. మూడేళ్లుగా తప్పిపోతోంది. సంగం ఆనకట్ట మీద ఎన్ని అడుగుల నీరు పారుతోందో ఆయన ఆఫీసుకు కబురు వస్తుంది కాబట్టి, మేట ఎప్పుడు తెగుతుందో ఊళ్లో అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

నవంబరులో కబురు వచ్చింది. దరఖాస్తుకు ఇంకా పదకొండు రోజుల గడువుంది.

"వస్తాను" అన్నాను. "ఎనిమిదిలో ఏడు మీవి. ఎనిమిదోది నాది. నా మొహం. ఒప్పుకుంటేనే వస్తాను."

"సరే."

"మాటంటే మాటే."

"సరే అంటి కదా. ఒకటికి పదిసార్లు చెప్పించుకుంటావే."

తెల్లారేసరికి మొగ దగ్గర ఉన్నాం. ఇవతల చెరువులా నిండిన నది, అవతల సముద్రం, మధ్య సన్నగా మేట. దానిమీద నేను నిలబడాలి. వలలు తీసి ఒడ్డుకు లాక్కుంటున్న ఒకాయన కేకేశాడు, "అమ్మా, ఆ మేట మీదికి పోబాక, తెగిపోద్ది."

"ఇంకా గంటన్నర ఉండాది, లెక్క చూసినా" అన్నారు మావారు. ఆయన లెక్కమీద ఆయనకున్నంత నమ్మకం సముద్రానికి కూడా తనమీద ఉండదు. నేను వెళ్లాను. కాళ్లకింద ఇసుక తడిసి మెత్తగా కదులుతోంది. వీపు తిప్పి నిలబడ్డాను. తలతిప్పి చూసినప్పుడల్లా రుమాలు పైకెత్తి ఉండేది. ఒకటి. రెండు. ఎక్కువగా మబ్బుకోసమే ఆగడం. ఏడో రుమాలు చూసేసరికి పొద్దు బారెడెక్కింది. వెనక్కి నడవడం మొదలుపెట్టాను. నడుస్తూనే జుట్టు సర్దుకున్నాను, బొట్టు చెదరలేదు కదా అని వేలితో తడుముకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తడుముకోవడమే ఒళ్లు మండిస్తుంది.

సగం దూరం వచ్చేసరికి ఆయన రెండు చేతులూ ఊపుతున్నారు. దగ్గరికొస్తే కేక వినిపించింది.

"ఆడే ఉండు. వెనక్కి పో. మబ్బు వస్తుండాది, నీళ్లు అంచు దాటుతుండాయి. పో, పో."

"ఎనిమిదోది నాది."

"నీది రేపు తీస్తాలే. ఇది మళ్లీ రాదు. పోవే."

ఇంట్లో ఇంకో రోలు లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వాదించడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. అది నా స్వభావం కాదు. ఆయన అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. వెనక్కి వెళ్లి నిలబడ్డాను. నాకు ఇరవై గజాల అవతల మేట మధ్యలో సన్నటి గాడి పడింది, వేలంత ఉన్నది చూస్తుండగానే బండి పట్టేంత అయింది. ఎర్రనీరు శబ్దం చేసుకుంటూ దూకింది. మబ్బు దానిమీదికి వచ్చింది. ఆయన వంగారు.

నేను తిరిగాను. తిరిగి, కెమెరా వైపు తిన్నగా చూశాను. ఆ ఫ్రేము నాది, నేను వాడుకున్నాను. ఆ కెమెరాలో చూసుకునే అద్దం గోరంత ఉంటుంది, అందులో నేను చీమ తలంత కూడా ఉండను. ఆయనకు తెలియలేదు. మూడేళ్లు ఎదురుచూసిన వెలుగు అదేనని నాకు బాగా తెలుసు. తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రానక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే వడ్ల గదిలో కిటికీకి దుప్పటి కట్టి రోలు కడిగాం. పళ్లెం ఆడించే పని ఎప్పుడూ నాదే. ఎర్రదీపం కింద ఎనిమిదోదాని పెద్ద ప్రింటు పైకి తేలుతుంటే ఆయన పళ్లెం మీదికి వంగారు. మేట, నీరు, మబ్బు, అన్నీ ఆయన కోరుకున్నట్టే వచ్చాయి. ఆ తర్వాత నేను వచ్చాను. నువ్వుగింజంత తెల్లటి మచ్చ. అయినా ఏ మూలనుంచి చూసినా కన్ను ముందు దానిమీదే పడుతుంది.

పట్టకారుతో ప్రింటు పైకెత్తి అడిగారు, "ఎందుకు తిరిగినావు?"

"నా ఫ్రేము కదా."

"కావాలనే చేసినావు."

"ఆఁ."

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అలాంటి మనిషి కాదు. ప్రింటు ఆరబెట్టి, మర్నాడు సెలవు పెట్టి, టౌనుకు పోయి నల్లటి సిరా, ఒకటే వెంట్రుక ఉన్నంత సన్నటి కుంచె తెచ్చుకున్నారు. కిటికీ దగ్గర కూర్చుని, నాలుక కొన పళ్లమధ్య పెట్టుకుని, నా మొహం మీద చుక్క పెట్టారు. ఊదారు. ఇంకో చుక్క పెట్టారు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పది నిమిషాల్లో నా మొహం జుట్టయిపోయింది. చివర్న ఒక ముడి కూడా పెట్టారు. ఆ రోజు నేను జడ వేసుకున్నాను.

"బోర్డులు రాసేదానికి పిలిపించుకుంటారేమో" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "పరీక్షకు వచ్చే ఏడు కట్టుకోవచ్చులే" అన్నారు.

ఆ మాటతో నాలో ఏదైనా మెత్తటిది మిగిలి ఉంటే అది కూడా పోయింది. ప్రింటు మద్రాసుకు పోయింది. నెగటివు మాత్రం కవర్లో ఉండిపోయింది. నాలుగు రోజులు చూసి, కళ్ల డాక్టరు దగ్గరికని అత్తగారికి చెప్పి, నెగటివు సంచిలో వేసుకుని నెల్లూరు బస్సెక్కాను. కోవూరు దాటి వంతెన మీద పోతుంటే పెన్న ఇంకా ఎర్రగానే ఉంది.

స్టూడియో ఆయన పెద్దవాడు, గుండీలు లేని చొక్కా, చేతివేళ్లన్నీ మందుతో గోధుమరంగు. నెగటివును లైటుకు పెట్టి చూశాడు.

"మొగ తెగేదా? బలే దొరికిందమ్మా. దీన్ని పెద్దది చెయ్యమంటారా?"

"ఈ మనిషి మొహం ఒక్కటే. దరఖాస్తుకు."

ఆయన భూతద్దం తీసి చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ అద్దంలోంచి చూశాడు. "ఇది మొహం కాదమ్మా. పెద్దది చేస్తే పగిలిన బొరుగుగింజలాగుంటుంది. ఎవరు ఒప్పుకుంటారు దీన్ని?"

ఆయన కుర్చీ చూపించాడు.

"కూర్చోండి. అయిదు నిమిషాలు. రేపు ఉదయానికి ఇచ్చేస్తా."

కూర్చున్నాను. గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు, తాకకుండానే. క్లిక్ మంది. లేవమన్నాడు. అంతే. భూకంపం రాలేదు, నెల్లూరు వీధిలో ఎవరూ వేలు చూపలేదు. ప్లీడర్ల నోళ్లు మూయించిన నోరు నాది. ఈ గడప దాటడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో ఆ మెట్లు దిగుతూ ఆలోచించాను. మూడు నెలల ముందు ఇలాగే బస్సెక్కి వచ్చి ఉంటే సరిపోయేది. ఆయన ఫొటో ఆయనకు దక్కేది, నాది నాకు దక్కేది. ఆ సంగతి ఒప్పుకుంటే నేను చేసింది ఇంకా పాడుగా కనిపిస్తుంది. అందుకే వెంటనే ఒప్పుకోలేదు. మెట్లమీదినుంచే వెనక్కి వెళ్లి, "మొగది కూడా ఒక ప్రింటు వేయండి. పెద్దది. ఉన్నది ఉన్నట్టు" అన్నాను.

మర్నాడు పోయి రెండూ తెచ్చుకుని, గడువు ఇంకా రెండు రోజులుందనగా దరఖాస్తు రిజిస్టరు చేసి పంపాను. ఇంట్లో రసీదు చూపించాను. ఆయన నా ఫొటో కాపీ చేతిలోకి తీసుకుని, "వెలుతురు చప్పగా ఉంది" అన్నారు. స్టూడియోకు ఎందుకు పోయావని అడగలేదు. ఆ నెలాఖరుకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. వందల్లోంచి ఎంచిన వాటిలో ఆయనది ఒకటి, ప్రదర్శనలో పెడుతున్నారు. నెల్లూరు వరండాలో అలాంటిది ఎవరికీ రాలేదు. ఆ సంతోషంలో నా మొహం సంగతి చిన్నదైపోయింది.

డిసెంబరులో ప్లీడరు గారు అభినందన సభ పెట్టారు. నన్ను కూడా తీసుకురమ్మన్నారట. ఎంతైనా ఫిగరును కదా. బల్లమీద బూందీ, కాఫీ. మావారు కొత్త చొక్కా వేసుకున్నారు. తనతో ఉంచుకున్న చిన్న ప్రింటును, దానిమీద కూడా ముడి దిద్దినదే, మధ్యలో పెట్టారు. అందరూ వంగి చూశారు. ఏజెంటు గారు కూడా వచ్చారు. ఆయన ఆ మబ్బుల తర్వాత వరండాకు ఏమీ తేలేదని, ఊరికే వచ్చి కూర్చుని పోతుంటారని విన్నాను.

"ఆ వీపు చూడండయ్యా" అన్నారు ప్లీడరు గారు. "నీళ్లను చూస్తూ ఎట్ల నిలబడిందో. ఆ వీపే ఫొటో."

నేను సంచిలోంచి నా ప్రింటు తీసి దానిపక్కన పెట్టాను. ఎవరికీ ఇవ్వలేదు. ఊరికే పెట్టాను.

ముందు ఏజెంటు గారికి అర్థమైంది. ఆయన భూతద్దం అందుకుని ఒకదాన్ని చూసి, రెండోదాన్ని చూసి, మళ్లీ మొదటిదాన్ని చూశారు.

"ముడి బాగా వేసినారు ఓవర్సీరు గారూ" అన్నారు మెల్లగా. "నా మబ్బుల కంటే నయం. నాకు ఇంత సన్నటి కుంచె దొరకలేదు."

నవ్వు రావడానికి కొంచెం టైము పట్టింది, వచ్చాక ఆగలేదు. ప్లీడరు గారు కళ్లు తుడుచుకున్నారు. మావారు ఎవరివైపూ చూడలేదు. ఒక బూందీ పలుకు వేళ్లమధ్య పెట్టుకుని పొడి చేస్తూ ఉన్నారు. ఏజెంటు గారు ఆ రోజు కాఫీ తాగారు, రెండోసారి కూడా పోయించుకున్నారు.

తిరుగుబస్సులో వంతెన దాటాక ఆయన అన్నారు, "ఇంట్లో చంపి ఉండొచ్చు కదా. నలుగురిలో ఎందుకు?"

"నలుగురిలో నవ్వింది మీరే ముందు."

అది ఎప్పటి మాటో ఆయనకు గుర్తున్నట్టు లేదు. కిటికీవైపు తిరిగారు.

ఆ తర్వాత ఆయన వరండాకు పోలేదు, కెమెరా తెరవలేదు. రోలు తెచ్చిపెడతానని ఎవరో అంటే, "ఆఫీసులో పని ఎక్కువైంది" అన్నారు. మా అత్తగారు నన్ను చూసి, "వాడికి ఉన్నదొకటే సరదా, అది కూడా తీసేస్తివి" అంది. ఆవిడతో ఆ ఒక్కసారి వాదించలేదు. ఆవిడన్నది నిజమే. నేను ఎం.ఏ. సెకండు క్లాసులో పాసయ్యాను. రెండేళ్లకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, టౌనుకు మారాం. ఆదివారాలు ఆయన పేపరు చదువుకుంటారు. నేను పేపర్లు దిద్దుకుంటాను. ఎవరినీ ఎవరూ ఎండలో నిలబెట్టం.

మద్రాసు నుంచి తిరిగొచ్చిన ప్రింటూ, నేను వేయించిన ప్రింటూ రెండూ కాలేజీలో నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఇంట్లో ఉంచితే ఆయన చింపుతారని కాదు, చింపరని భయం. ఖాళీ పీరియడ్‌లో అప్పుడప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తాను. నాదాంట్లో చూపు తిన్నగా వచ్చి నామీద పడి ఆగిపోతుంది. నీళ్లు, మబ్బు, తెగుతున్న ఇసుక అన్నీ వెనకపడిపోతాయి. నేను ఎవరితోనో తగాదా పడుతున్నట్టు నిలబడి ఉంటాను. ఆయనదాంట్లో ఆ మనిషి నీళ్లను చూస్తోంది కాబట్టి మనమూ చూస్తాం. వరద ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది. అదే మంచి ఫొటో. మద్రాసువాళ్లు సరిగ్గానే ఎంచారు.

నేను రాసేవి ఆయన చదవరు. రెండింట్లో ఏది మంచిదని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగినా చెప్పను.